లూప్ లైన్‌లో ఆగిన అభ్యర్థన

ఉదయం 10 గంటలకు ఏసీ తరగతుల తత్కాల్ బుకింగ్ మొదలవుతుంది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎవరికైనా మర్నాడే విశాఖ వెళ్లాల్సిన పని పడితే, ఆ నిమిషం కోసం ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిందే. అదే క్షణంలో దేశమంతటా ఎందరో అదే బటన్ నొక్కుతారు.

ఇలాంటి రద్దీని తట్టుకోవడానికి వెబ్ సేవలు ‘సెకనుకు ఇన్నే అభ్యర్థనలు’ అని హద్దు పెడతాయి. హద్దు దాటినవారికి వచ్చే జవాబు 429. ‘మరీ ఎక్కువ అడిగారు’ అని దాని అర్థం. ఈ సంకేతం 2012లో ప్రమాణంగా స్థిరపడింది.

బెర్తుల వివరాల కోసం ఒక యాప్ సర్వర్ మరో సేవను అడుగుతోందనుకుందాం. హద్దు సెకనుకు 50. వేగం మించినప్పుడల్లా ప్రోగ్రామ్‌ను కాసేపు నిద్రపుచ్చడం తేలిక. కానీ ఆ నిద్రలో దాని మిగతా పనులూ ఆగిపోతాయి. గూడ్స్ బండిని మెయిన్ లైన్‌పైనే ఆపేస్తే వెనకాల ఎక్స్‌ప్రెస్‌లన్నీ నిలిచిపోతాయి కదా! హౌరా, టాటానగర్, భద్రక్ మార్గాలు కలిసే ఖరగ్‌పూర్‌లో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆగాల్సిన బండిని లూప్ లైన్‌లోకి మళ్లిస్తారు. అసింక్రోనస్ పద్ధతి చేసేదీ అదే: ఆగాల్సింది ఆ ఒక్క అభ్యర్థన, ప్రోగ్రామ్ కాదు.

ఎంతసేపు ఆపాలి? ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏకకాలంలో 10 అభ్యర్థనలే నడవాలని సెమాఫోర్ పెడతారు. (ఈ పేరును రైల్వే సిగ్నల్ నుంచి 1960లలో కంప్యూటర్లలోకి తెచ్చినవాడు డైక్‌స్ట్రా.) ఒక్కో జవాబుకు 200 మిల్లీసెకన్లు పడితే లెక్క సరిగ్గా సెకనుకు 50. అర్ధరాత్రి రద్దీ తగ్గి, జవాబు 50 మిల్లీసెకన్లలోనే వస్తే? సెకనుకు 200! సెమాఫోర్ లెక్కపెట్టేది లైన్‌లో ఉన్న బండ్లను, గంటకు వెళ్లే బండ్లను కాదు.

వేగాన్ని పట్టి ఉంచేది టోకెన్ బకెట్. ఇందులో సెకనుకు 45 టోకెన్లు చేరతాయి, 5కు మించి నిల్వ ఉండవు. అంటే ఏ సెకనులోనైనా గరిష్ఠంగా 50. నిల్వను కూడా 50 చేస్తే నిండు బకెట్‌తో మొదలైన సెకనులో దాదాపు వంద వెళ్లిపోతాయి. టోకెన్లు వేయడానికి గడియారం తిరుగుతూ ఉండనక్కర్లేదు. గత లెక్క తర్వాత గడిచిన సమయాన్ని 45తో గుణిస్తే చాలు. టోకెన్ లేకపోతే తర్వాతి టోకెన్‌ను ఆ అభ్యర్థన పేర రాసిపెట్టి, సుమారు 22 మిల్లీసెకన్లకు అలారం పెడతారు. దాని వెనక వచ్చినదానికి 44. ఈలోగా ప్రోగ్రామ్ వేరే పనులు చూసుకుంటుంది.

అయితే లూప్ లైన్‌కూ పొడవు ఉంటుంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం 1,072 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. ఎంత పొడవున్నా గంటకు బయల్దేరే బండ్ల సంఖ్య దానివల్ల పెరగదు. వరుస కూడా అంతే. బెర్తులు అయిపోయాక వచ్చే జవాబు ఎవరికి కావాలి? వరుస నిండగానే, కొత్తగా వచ్చినవారికి ‘ఇప్పుడు కుదరదు’ అని వెంటనే చెప్పడం మేలు. మళ్లీ ఎప్పుడు అడగాలో కూడా చెప్పవచ్చు. కాకపోతే అందరికీ ఒకే సమయం ఇస్తే, అందరూ మళ్లీ ఒకేసారి వచ్చిపడతారు. అందుకే ఆ విరామానికి ఒక్కొక్కరికీ కొంత సమయం అటూఇటూగా కలుపుతారు.