సముద్రపు దొంగల ఆట మన పిల్లలకు తగినదేనా?

సంతానం అల్లాహ్ మనకు ప్రసాదించిన వరం. అంతకన్నా ముందు అది మన చేతుల్లో ఉంచిన అమానతు. ప్రతి ఒక్కరూ తన సంరక్షణలో ఉన్నవారికి కాపరి అని, వారి విషయమై రేపు జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). పిల్లలు ఏం తిన్నారో, ఎవరితో తిరుగుతున్నారో మనం ఆరా తీస్తాం. ఏం ఆడుతున్నారన్నది మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ అడగరు.

సికింద్రాబాద్‌లో వేసవి సెలవులు వచ్చాయంటే మిట్టమధ్యాహ్నం పిల్లల్ని బయటికి పంపలేం. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి చదువుకని కొని తెచ్చిన కంప్యూటరు జుహ్ర్ తరువాత ఆటల యంత్రమైపోతుంది. సినిమా కథల మీద తయారైన ఆటలంటే పిల్లలకు మరీ మోజు. వాటిలో ఒకటి 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్'. ఇది సముద్రపు దొంగల కథ. 2003లో మొదటి సినిమా వచ్చింది. దాని వెంట మరికొన్ని సినిమాలు, వాటితోపాటు ఆటలు వచ్చాయి. "అమ్మీ, ఈ ఆట ఆడుకోనా?" అని పిల్లవాడు అడిగితే మనం ఏమని చెప్పాలి?

ఆట మీద ఇస్లాంకు కక్ష లేదు

ముందు ఒక మాట స్పష్టం చేసుకుందాం. పిల్లల ఆటపాటల్ని ఇస్లాం నిషేధించలేదు. హజ్రత్ ఆయిషా (రజి) దగ్గర బొమ్మలుండేవి. వాటిలో రెక్కల గుర్రం ఒకటి ఉంది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగితే, సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆయన మనసారా నవ్వారు (అబూ దావూద్). పండుగనాడు మస్జిదులో అబిసీనియా వాసులు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే ఆయిషా (రజి) చూసేందుకు ఆయనే వీలు కల్పించారు (బుఖారీ, ముస్లిం). కాబట్టి తెరమీద ఓడ ఉందని, కత్తి ఉందని మాత్రమే ఆటను తోసిపుచ్చడం సరికాదు. అసలు చూడవలసింది వేరే ఉంది. ఈ ఆట మన బిడ్డను దేనికి సంతోషించమంటోంది?

సినిమా చెప్పని సంగతి

తెర మీద సముద్రపు దొంగ సరదా మనిషి. తూలుతూ నడుస్తాడు, జోకులు వేస్తాడు, చివరికి గెలుస్తాడు. మరి చరిత్రలోని దొంగలు ఎలాంటివారు?

1695 సెప్టెంబరులో గంజ్-ఇ-సవాయీ అనే ఓడ అరేబియా వైపు నుంచి సూరత్‌కు తిరిగి వస్తోంది. అది ఔరంగజేబు చక్రవర్తి ఓడ. హజ్ ముగించుకుని ఇంటిముఖం పట్టిన యాత్రికులు అందులో ఉన్నారు. హెన్రీ ఎవరీ అనే ఆంగ్లేయ దొంగ తన ముఠాతో దానిపై పడ్డాడు. రోజుల తరబడి దోపిడీ, చిత్రహింసలు సాగాయి. హాజీల కుటుంబాల స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. మానం కాపాడుకోవడానికి కొందరు స్త్రీలు సముద్రంలో దూకారని ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఆగ్రహించిన ఔరంగజేబు సూరత్‌లోని ఆంగ్లేయుల్ని నిర్బంధించి, వారి వ్యాపారం ఆపించాడు. ముఠాలో కొందరిని 1696లో లండన్‌లో ఉరితీశారు. ఎవరీ మాత్రం ఎన్నడూ దొరకలేదు.

ఇది జరిగి ఇరవై ఏళ్లైనా గడవకముందే, 1712లో లండన్ రంగస్థలం మీద అతని కథను ఆధారం చేసుకుని ఒక నాటకం ఆడించారు. 2016లో వచ్చిన 'అన్‌చార్టెడ్ 4' అనే వీడియో గేమ్‌కు కూడా అతని నిధి కోసం వేటే ఇతివృత్తం. దోచుకున్నవాడి పేరు ఆటలో నిలిచింది. దోపిడీకి గురైన హాజీల పేర్లు ఎవరికీ గుర్తులేవు!

ఇది పాతకాలపు గొడవ అనుకోవద్దు. 2010లో సోమాలియా దొంగలు 'అస్ఫాల్ట్ వెంచర్' అనే ఓడను పట్టుకున్నారు. ఓడను వదిలిపెట్టాక కూడా అందులోని ఏడుగురు భారతీయ నావికుల్ని 2014 దాకా చెరలోనే ఉంచారు. సముద్రపు దోపిడీకి యావజ్జీవ శిక్ష, ప్రాణం తీస్తే మరణశిక్ష కూడా విధించే చట్టాన్ని మన పార్లమెంటు 2022 డిసెంబరులో ఆమోదించింది.

దివ్యఖుర్ఆన్ అల్-కహఫ్ సూరాలో (18:71–79) ఒక పడవ ప్రస్తావన ఉంది. అది సముద్రం మీద కష్టపడి బతికే పేదలది. ఆవల ఒక రాజు కనిపించిన పడవనల్లా బలవంతంగా లాక్కుంటున్నాడు. ఆ పడవ అతని కంటికి ఆనకుండా ఉండాలని ఖిజ్ర్ (అలై) దానికి లోపం కలిగించారు. ఖుర్ఆన్ మన చూపును పడవ పోగొట్టుకోబోయే పేదల వైపు తిప్పుతుంది. సినిమా మన చూపును లాక్కునేవాడి వైపు తిప్పుతుంది. తేడా ఇక్కడే ఉంది.

నవ్వులాటకైనా సరే, నిజంగానైనా సరే, తోటి సోదరుని వస్తువు తీసుకోరాదని దైవప్రవక్త (స) వారించారు (అబూ దావూద్). తెరమీది నాణేలు ఎవరి ఆస్తీ కావు, నిజమే. కాని లాక్కోవడంలో మజా ఉందని చిన్న వయసులో మనసుకు అలవాటైతే, ఆ అలవాటు తెర దగ్గరే ఆగిపోతుందని ఎవరు హామీ ఇస్తారు?

విశ్వాసం మాటేమిటి?

హింస గురించి చాలామంది తల్లిదండ్రులు ఆలోచిస్తారు. విశ్వాసం గురించి ఆలోచించేవారు తక్కువ. ఈ సినిమాల కథ నిండా శాపం తగిలిన బంగారం, చావులేని దొంగలు కనిపిస్తారు. 2007 నాటి సినిమాలో చనిపోయినవాణ్ణి మృత్యులోకం నుంచి వెనక్కి తెస్తారు. సముద్ర దేవతను బంధం నుంచి విడిపిస్తారు. 2006 నాటి సినిమాలో జీవితకాల బానిసత్వాన్నే పణంగా పెట్టి పాచికలాడతారు. లాభనష్టాలు, చావుబతుకులు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయని మనం బిడ్డకు నేర్పుతాం. సారాయి, జూదం షైతాను పనులని ఖుర్ఆన్ (5:90) హెచ్చరిస్తుంది. పదిహేనేళ్లవాడు కథను కథగా చూడగలడు. ఆరేళ్ల పసివాడికి ఆ తేడా తెలియదు.

ఒకే దొంగ, మూడు ఆటలు

డబ్బామీద ఒకే దొంగ బొమ్మ ఉన్నా లోపలి ఆటలు ఒకటి కావు. ఏ వయసువారికి ఏ ఆట తగునో చెప్పే ముద్రను ఈఎస్‌ఆర్‌బీ అనే అమెరికా సంస్థ 1994 నుంచి వేస్తోంది.

2007లో వచ్చిన 'ఎట్ వరల్డ్స్ ఎండ్' ఆటకు 13 ఏళ్లు దాటినవారికన్న ముద్ర ఉంది. ఆట సాంతం కత్తియుద్ధాలే. చిన్నపిల్లలకు ఇది వద్దు.

2011లో వచ్చిన 'లెగో పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' పదేళ్లు దాటినవారికి. ఇందులో రక్తం లేదు. దెబ్బ తగిలితే బొమ్మ ముక్కలుగా విడిపోతుంది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకరికొకరు సాయపడుతూ ఆడవచ్చు. అయితే కథ మాత్రం మొదటి నాలుగు సినిమాలదే. శాపాలూ దేవతలూ హాస్యం ముసుగులో వస్తాయి.

'సీ ఆఫ్ థీవ్స్' అనే ఆన్‌లైన్ ఆటలో 2021 నుంచి ఇదే సినిమా కథ చేరింది. దానికీ 13 ఏళ్ల ముద్రే ఉంది. ముక్కూమొహం తెలియనివారు మన పిల్లలతో మాట్లాడగలరు. ఇతరులు కూడబెట్టిన నిధిని దోచుకోవడం ఆటలో భాగం. తాగి తూలడం అందులో ఒక వినోదం. పైగా అది మధ్యలో ఆపితే ఆగే ఆట కాదు. మగ్రిబ్ అజాన్ వినపడినా లేవలేని స్థితి వస్తుంది.

ఆ ముద్ర వేసేవారు రక్తం, బూతు, మద్యం, జూదం చూస్తారు. తౌహీద్ వారి లెక్కలో ఉండదు. ఆ లెక్క మనమే చూసుకోవాలి.

తల్లిదండ్రులు వేసుకోవలసిన ప్రశ్నలు

1. ఈ ఆటలో గెలుపు దేనివల్ల వస్తుంది? తెలివి, సహకారం వల్లనా? దోపిడీ, మోసం వల్లనా?
2. షిర్క్, చేతబడి, సారాయి, జూదం ఆకర్షణీయంగా కనిపిస్తున్నాయా?
3. అపరిచితులు మాట్లాడే దారి ఉందా?
4. నమాజ్‌కు, చదువుకు, నిద్రకు లేవగానే ఆట ఆగుతుందా?
5. ఆట ముగిశాక బిడ్డ మాటలో, చేతలో ఏం మార్పు కనిపిస్తోంది?

వీటికి జవాబు డబ్బామీద దొరకదు. ఒక గంట బిడ్డ పక్కన కూర్చుని చూస్తేనే దొరుకుతుంది.

మరొక ప్రశ్న కూడా ఉంది. ఆ ఆట మనింటికి ఎలా వచ్చింది? దొంగచాటుగా కాపీ చేసిన డిస్కుగానా? డబ్బు చెల్లించకుండా దింపుకొన్నదా? రచన, ఆవిష్కరణల హక్కులకు షరీఅత్ రక్షణ ఉందని, వాటిని అతిక్రమించరాదని 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ తీర్మానించింది. దొంగల ఆటను దొంగ కాపీలో ఆడిస్తూ దొంగతనం తప్పని బిడ్డకు ఏ నోటితో చెబుతాం?

మన సలహా

పైన చెప్పినవాటిలో మొదటిదీ మూడోదీ పిల్లలకు తగవు. లెగో ఆటను పదేళ్లు దాటిన బిడ్డ అమ్మీ అబ్బాల ఎదుట, కొద్దిసేపు, అది కట్టుకథ అన్న అవగాహనతో ఆడితే ఆడవచ్చునని మన అభిప్రాయం. ఇది ఫత్వా కాదు. ధర్మాదేశం తెలుసుకోగోరేవారు ఆలిములను సంప్రదించాలి. సందేహాస్పదమైనవాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని కాపాడుకున్నాడన్న ప్రవక్త (స) బోధనను అనుసరించి, ఏ ఇంటివారైనా దీన్నీ వద్దనుకుంటే అది మరీ మంచిది.

వద్దని ఊరుకోకండి. బిడ్డకు సముద్రం ఇష్టమైతే సముద్రాన్నే ఇవ్వండి. నూహ్ (అలై) నావ గురించి, చేప కడుపులో యూనుస్ (అలై) చేసిన దుఆ గురించి, ఆ పేదల పడవ గురించి చెప్పండి. గంజ్-ఇ-సవాయీలోని హాజీల గురించి కూడా వయసు చూసి చెప్పండి. వారి కష్టం తెలిసిన బిడ్డ ఆ దొంగను చూసి చప్పట్లు కొట్టే ముందు ఒక్క క్షణం ఆగుతాడు.

మనల్ని, మన ఇంటివారిని నరకాగ్ని నుంచి కాపాడుకోవలసిన బాధ్యత (66:6) మనదే. ఆ బాధ్యతను ప్రేమతో, వివేకంతో నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.