నల్లమల లోయ నేర్పిన పాఠాలు

అచ్చంపేట ప్రాంతంలో ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. శ్రీశైలం రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటింది మొదలు దారంతా పులుల అడవే. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో మన వైపు భాగం, రాష్ట్రం విడిపోయాక అమ్రాబాద్ అయింది. దాని దక్షిణపు అంచున, రాతి గోడల మధ్య, కృష్ణ. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపడమే అడవికి నేనిచ్చే మర్యాద అనుకున్న రోజులున్నాయి. ఇప్పుడు బయల్దేరబోయే పిల్లలకు నాలుగు మాటలు. అంకె ఒకటి పెరిగితే ఏమనుకోకండి.

1. మెట్లు దిగేటప్పుడే ఎక్కడం గురించి ఆలోచించాలి.

వటవర్లపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి అడవిలోకి సుమారు 8 కిలోమీటర్లు పోతే మల్లెలతీర్థం. అక్కడ దాదాపు 350 మెట్లు దిగాలి. కింది నుంచి చల్లగాలి, నీళ్ల చప్పుడు వస్తుంటే కాళ్లు వాటంతట అవే పోతాయి. "మల్లెలతీర్థం ఎప్పుడు తీస్కపోతరు?" అని మా ఆవిడ ఏటా అడిగేది. దర్శనానికి ఆలస్యమవుతుందనో, పేపర్లు దిద్దాలనో, వచ్చే కార్తీకంలో చూద్దామనో దాటవేశాను. రిటైరయ్యాక తీరిగ్గా తీసుకెళ్లాను. అప్పటికి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఓ నలభై మెట్లు దిగి, కొంగుతో చెమట తుడుచుకుని, రాతికి ఆనుకుని కూర్చుంది. "మీరు పోయి చూసి రాండి. నాకు చప్పుడు వినబడ్తున్నది, చాలు" అంది. నేను అడుగు దాకా వెళ్లాను. ఆ రోజు జలపాతం ఎలా దూకిందో నాకు గుర్తు లేదు. తిరిగొచ్చేసరికి ఆమె చెప్పులు విప్పి, పాదాలు మెట్టు మీద ఆన్చి, కళ్లు మూసుకుని ఉండటం మాత్రం గుర్తుంది.

2. నాచుకు ఎవరూ సారు కాదు.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లల్ని అదే జలపాతానికి తీసుకెళ్లాను. ధార కింద నిలబడి చూపిద్దామన్న ఉబలాటంతో ముందుగా నేనే తడిరాళ్ల మీదికి ఎక్కాను. సారు ఎక్కితే పిల్లలు ఊరుకుంటారా? నా వెనకే వచ్చినవాడు జారిపడ్డాడు. గడ్డం చీలింది. తువ్వాలు అదిమిపట్టి, భుజాన వేసుకుని పైకి మోశాను. ఫోనుకు సిగ్నల్ లేదు, ఆసుపత్రి దగ్గర్లో లేదు. సాయంత్రం వాళ్ల నాయన వచ్చాడు. తిడతాడనుకున్నాను. "పిలగాడు బతికిండు గద సారూ" అని, నాకే మంచినీళ్లు ఇచ్చాడు. తిట్టినా బాగుండేది. వాన వెలిసినా ధార పడేచోట రాయి ఆరదు. దూరం నుంచి చూసినా అది జలపాతమే.

3. కోతికి వేసిన అరటిపండు పుణ్యం కాదు.

శ్రీశైలం నుంచి వస్తూ ప్రసాదం కొబ్బరిముక్కలు, అరటిపళ్లు కిటికీలోంచి విసరడం మాకు అలవాటు. ఒకసారి మా ముందు బండి కింద ఒక తల్లి కోతి పడింది. దాని పిల్ల పొట్టను పట్టుకునే ఉంది. పక్కన తారుకు అతుక్కున్న అరటితొక్క. అది నేను వేసింది కాకపోవచ్చు. కానీ ఆ మలుపు దగ్గర బండ్ల కోసం కాచుకోవడం దానికి నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ని. తునికిపళ్లు, మొర్రిపళ్లు తిని ఆ గింజల్ని అడవంతా చల్లాల్సిన జీవాన్ని రోడ్డు మీద కూర్చోబెట్టాం.

4. గేటు మూశాక రోడ్డు మనది కాదు.

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. ఓసారి ఆలస్యమై, "దేవుడి దగ్గరికి పోతుంటే ఆపుతరా?" అని చెక్‌పోస్టులో కుర్రవాడి మీద అరిచాను. అతను లాంతరు కూడా ఎత్తలేదు. తెల్లారేదాకా కారులో ముడుచుకుని పడుకున్నాం. తప్పు నాది.

5. ఊరి పేరు విని నవ్వే ముందు దాని అర్థం అడగాలి.

ఈ దారిలోని రెండు ఊళ్లకు అప్పట్లో దోమలపెంట, ఈగలపెంట అని పేర్లుండేవి. బస్సులో ఆ పేర్లు చదివి పిల్లల్ని నవ్వించేవాణ్ని. మన మాటల్లో పెంట అంటే చెత్తకుప్ప కదా! చివరి సీట్లో కూర్చున్న చెంచు పిల్లవాడొకడు నవ్వలేదు. చెంచుల నోట పెంట అంటే తమ గూడెమని, తమ ఇల్లని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. చెప్పింది ఒక చెంచు పెద్దమనిషి, దోమలపెంట దగ్గరి ఆక్టోపస్ వ్యూపాయింట్ వద్ద. నేనక్కడ నిలబడి, కింద నీళ్లు ఎనిమిది కాళ్ల జీవిలా కొండల మధ్య చాచుకోవడం నది చేసిన చిత్రమని పక్కవాళ్లకు వివరిస్తున్నాను. ఆయన మెల్లగా అన్నాడు: "ఏరు ఒక్కటే సారూ. అవన్నీ వాగులు. డ్యాం కట్టినంక మునిగినయ్." నిజమే. శ్రీశైలం ప్రాజెక్టు వెనక ఎగదన్నిన నీరు పక్క వాగుల లోయల్లోకి చొరబడి ఆ ఆకారం వచ్చింది. జలాశయం పూర్తిమట్టం 885 అడుగులని, 2009 అక్టోబరు వరదలో నీరు దాన్ని కూడా దాటిందని పాఠంలో చెప్పినవాణ్నే. కళ్లెదుట ఉన్నది చదవలేకపోయాను. మరుసటి ఏడు తరగతిలో పెంట అన్న మాటకు అర్థం సరిదిద్దాను. ఆ పిల్లవాడు అప్పటికే బడి మానేశాడు.

ఇంట్లో పెద్దవాళ్లను మల్లెలతీర్థం తీసుకెళ్లాలనుకుంటే ఈ కార్తీకంలోనే వెళ్లండి. ధార నిండుగా ఉంటుంది. గేటు ఉదయం 6 గంటలకు తీస్తారు.