బదరీవృక్షము క్రింద సేద్యగాడు

పాఠ్యభాగము: 1 రాజులు 19:1–21

కర్మెలుమీద అంతటి జయము చూచిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు వినగానే ప్రాణభయముతో పారిపోయెను. తన దాసుని బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి పోయి, ఒక బదరీవృక్షము క్రింద కూర్చుండి, తనకు మరణము రావలెనని కోరుకొనెను. నిరాశ మనుష్యుని మొదట ఒంటరివానిగా చేయునని దీనివలన తెలిసికొందుము.

నేడు మన పల్లెలలో ఆ చెట్టు క్రింద కూర్చున్నవారు అనేకులు. 1997–98లో వరంగల్లు జిల్లాలో పురుగు పత్తిపైరును పాడుచేసినప్పుడు, అప్పులలో మునిగిన రైతులనేకులు ప్రాణములు తీసికొనిరి. 2022లో మన దేశమున సేద్యముపై బ్రతుకువారిలో 11,290 మంది ఇట్లు మరణించిరని ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. వారిలో 6,083 మంది వ్యవసాయ కూలీలు. వానలు తప్పును, బోరు ఎండును, ధర పడిపోవును. కౌలు రైతు పేరు కాగితములలో లేకున్న బ్యాంకు అప్పును, నష్టపరిహారమును దొరకుట కష్టము, వడ్డీకిచ్చువాడే గతి. ఇట్టివానిని దేవుడెట్లు ఆదరించునో పాఠ్యభాగమునుండి నేర్చుకొందము.

1. దేవుడు మొదట శరీరమును కనికరించెను. దూత ఏలీయాను గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చి, రెండవమారును భోజనము పెట్టెను. నిద్ర పట్టకుండుట, అన్నము సహింపకుండుట, ఊరకనే కోపము, త్రాగుడు, మాటలు మానుట, ఇవి మనము కనిపెట్టవలసిన గురుతులు. జ్వరమునకు వైద్యుని చూచినట్లే మనోవ్యాధికిని చూచుట అవమానము కాదు. 14416 అను టెలీ మానస్ నంబరుకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.

2. దేవుడు అతని మొర వినెను. హోరేబులో ఏలేల వచ్చితివని రెండుమారులు అడిగి, అదే ఫిర్యాదును రెండుమారులు చెప్పనిచ్చెను. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతకాలము మేలు చేసిరి. నోరు తెరచి తప్పులు వెదకినప్పుడు గాయపరచిరి. గనుక విశ్వాసము చాలక ఇట్లయినదని మనము అనరాదు. చావు తలంపు కలుగుచున్నదా అని ప్రేమతో సూటిగా అడుగుటకు భయపడనక్కరలేదు. అడిగినందున ఆ తలంపు పుట్టదు, అతని భారము తేలికపడవచ్చును. ఆ సమయమున అతనిని ఒంటరిగా విడువక, పురుగుల మందును అతని ఇంటినుండి తీసి వేరొకచోట తాళము వేయించవలెను. ఆ ఘడియ దాటినచో అనేకులు బ్రతుకుదురు.

3. దేవుడు తోడు నిచ్చెను. అరక దున్నుచున్న ఎలీషాను ఏలీయాకు సహాయునిగా ఏర్పరచెను. కృంగిన ప్రవక్తకు తోడుగా వచ్చినవాడు ఒక సేద్యగాడే! ఈనాడు సేద్యగాడు కృంగినప్పుడు అతనికి తోడెవరు? బ్యాంకుకును, తహసీలుదారు కచేరికిని అతనితోకూడ ఒక సంఘ పెద్ద వెళ్లవచ్చును. అప్పులవానికి జవాబు చెప్పునప్పుడు ప్రక్కన నిలువవచ్చును. ప్రాణము తీసికొనబోయి బ్రతికినవానికి శిక్షకాదు, సంరక్షణ కావలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమే చెప్పుచుండగా, సంఘము అతనిని నిందించుట తగునా?

ఒక మాట. కోతపండుగనాడు గుమ్మడికాయలు, ధాన్యపు కంకులు మోసికొని అందరును వచ్చుచుండగా, పంట పోయినవాడు వట్టి చేతులతో రాలేక ఇంటనే నిలిచిపోవును. ఆ దినమున కానుకల బల్లనే కాదు, ఖాళీగానున్న స్థలములనుకూడ చూతము. ఆరాధన ముగిసిన వెంటనే అతని ఇంటికి అన్నము తీసికొనిపోవుదము. దూత చేసిన పని అదియే.

ఆలోచించుటకు:
(1) మన సంఘములో ఈ నెల కూటములకు రాని సేద్యగాండ్రెవరు? కూలీలెవరు?
(2) వారి ఇంటికి ఈ వారము ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన: తండ్రీ, చెట్టు క్రింద కూర్చున్నవానికి నీవు రొట్టె పంపితివి. ఆ రొట్టె మోయు చేతులుగా మమ్మును వాడుకొనుము. యేసు నామమున, ఆమేన్.