బిగింపు వేరు, బిగువు వేరు

నేటి మానవజీవితంలో యంత్రం ప్రవేశించని రంగం లేదు. మన దర్శి ప్రాంతమే ఇందుకు నిదర్శనం. ఒకప్పుడు ప్రధానంగా వానపై ఆధారపడిన ఈ మెట్టభూములకు, 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన పిదప, క్రమక్రమంగా కుడికాలువ నీరు చేరింది. పత్తి, మిరప సాగుతోపాటు ఆయిలింజన్లు, ట్రాక్టర్లు, లారీలు పెరిగాయి. 1983 డిసెంబరులో మారుతి 800 వెలువడిన తరువాత కారు కూడ క్రమంగా మధ్యతరగతి ఇంటి ముంగిటికి వచ్చింది. మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో ఏదో ఒక ఇంజన్ ఉన్నది. దానిని తామే విప్పి, తామే బిగించుకొనే ఉత్సాహం గల యువకులూ తక్కువ కాదు. ఆ ఉత్సాహం అభినందనీయమే. అయితే విప్పడానికి పానా చాలు. బిగించడానికి పానాతోపాటు శాస్త్రం కూడ కావాలి. ఆ శాస్త్రాన్ని తెలుగులో, సాధ్యమైనంత సులభంగా వివరించడమే ఈ వ్యాసలక్ష్యం.

భాష బోధించే మాకు బోల్టులతో ఏమి పని అని కొందరు ప్రశ్నించవచ్చు. తెలుగులో బిగింపు, బిగువు అని రెండు మాటలున్నాయి. బిగింపు మనం చేసే పని. బిగువు వస్తువులో నిలిచే గుణం. పద్యానికి బిగువున్నది అంటాము గాని బిగింపున్నది అనము. ఇంజన్ బోల్టు విషయంలో ఈ రెంటికీ గల భేదాన్ని గ్రహించినవాడు సగం విద్య నేర్చినట్లే.

బోల్టు ఒక స్ప్రింగు

బోల్టు తల ఆనిన తరువాత ఇంకా తిప్పితే, అది కంటికి కనిపించనంత స్వల్పంగా సాగుతుంది. సాగిన ఉక్కు తిరిగి యథాస్థితికి రావాలని లాగుతుంది. ఆ లాగుడే రెండు భాగాలను అదిమి పట్టుకొంటుంది. స్ప్రింగు ఎంత సాగితే అంత బలంగా లాగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమమే ఇక్కడ పనిచేస్తున్నది.

మన పల్లెలలో బండిచక్రానికి పట్టా వేసే కమ్మరి ఈ సూత్రాన్ని ఏనాడో ఎరుగును. చక్రం కంటె కొద్దిగా చిన్నదైన ఇనుపపట్టాను ఎర్రగా కాల్చి, అది వ్యాకోచించినప్పుడు చక్రానికి తొడిగి, నీరు చల్లుతాడు. చల్లారిన పట్టా ముడుచుకోజూస్తుంది. చక్రం అడ్డుపడగా పూర్తిగా ముడుచుకోలేదు. ఆ ఆగిన లాగుడే పూటీలను, ఆకులను ఏకం చేసి నిలుపుతుంది. బోల్టులోని బిగువు కూడ ఇటువంటిదే.

ఈ బిగువు ఎంత? 8.8 అని తలపై ముద్ర గల 10 మిల్లీమీటర్ల బోల్టును తీసుకొందాం. ఆ ముద్రలో మొదటి 8, ఆ ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల వరకు తెగకుండ ఓర్వగలదని తెలుపుతుంది. చుక్క తరువాతి 8, అందులో 80 శాతం వద్దనే అది శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుందని హెచ్చరిస్తుంది. అటువంటి బోల్టులో సాధారణంగా సుమారు 25 క్వింటాళ్ల బిగువు నిలుపుతారు. పత్తిబేలు 170 కిలోలుగా లెక్కించిన, చిటికెన వ్రేలంత లేని ఆ బోల్టు దాదాపు 15 బేళ్ల బరువును మోస్తున్నదన్నమాట!

తిప్పిన బలం ఎక్కడికి పోవును?

పానాతో తిప్పే బలాన్ని టార్కు అంటారు. ఒక మీటరు పొడవుగల పానా కొనను 5 కిలోల బలంతో లాగితే అది 5 కిలోగ్రామ్-మీటర్ల టార్కు. ఇందులో సుమారు సగం బోల్టు తలక్రింది రాపిడికి, 40 శాతం మరలలోని రాపిడికి ఖర్చవుతుంది. బోల్టును సాగదీసేందుకు మిగిలేది దాదాపు 10 శాతమే. కనుక రాపిడి కొంచెం మారినా బిగువు చాల మారుతుంది.

ఒక లెక్క చూద్దాం. బోల్టు వ్యాసాన్ని, కావలసిన బిగువును, రాపిడిని సూచించే ఒక అంకెను గుణిస్తే టార్కు వస్తుంది. పొడి మరలకు ఆ అంకె సుమారు 0.2; నూనె రాసిన మరలకు 0.15. మన 10 మిల్లీమీటర్ల బోల్టు పొడిగా ఉన్నప్పుడు 25 క్వింటాళ్ల బిగువుకు 5 కిలోగ్రామ్-మీటర్ల టార్కు చాలును. అదే బోల్టుకు నూనె రాసి అంతే టార్కుతో తిప్పితే బిగువు 33 క్వింటాళ్లు దాటుతుంది. ఆ బోల్టు క్షేమంగా మోయగల హద్దు సుమారు 34 క్వింటాళ్లు. చేసిన బిగింపు ఒకటే. కలిగిన బిగువు మాత్రం ప్రమాదపు అంచుకు చేరింది. తుప్పు పట్టిన మరలలో ఇందుకు విరుద్ధంగా జరుగును. చేతికి గట్టిగా తగులుతుంది గాని బిగువు రాదు. చేతి అంచనా మోసగించేది ఇక్కడనే.

వదులు బోల్టే ముందు తెగును

బిగువెక్కువైన బోల్టు తెగుతుందని అందరికీ తెలుసు. వదులైన బోల్టు కూడ తెగుతుందనేది తెలియవలసిన విషయం. పెట్రోలు ఇంజన్‌లో మంట వెలిగిన క్షణాన చదరపు సెంటీమీటరుకు 50 కిలోల ఒత్తిడి కలిగితే, 7 సెంటీమీటర్ల వ్యాసం గల సిలిండరు తన హెడ్డును సుమారు 19 క్వింటాళ్ల బలంతో పైకి నెట్టుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక్కొక్క సిలిండరులో ఇది సెకనుకు 25 సార్లు జరుగుతుంది. హెడ్డు బోల్టులలో తగిన బిగువు ముందుగనే ఉన్నప్పుడు ఈ దెబ్బలో స్వల్పభాగమే వాటికి తగులుతుంది. బిగువు చాలనప్పుడు ప్రతి దెబ్బకూ బోల్టు సాగి ముడుచుకొంటూ, అలసి, తుదకు తెగుతుంది. ఈ లోగా గాస్కెట్ కాలిపోవచ్చు. నీరు నూనెలో కలిసి బేరింగులు చెడిపోవచ్చు. మిరపకాయలు గుంటూరు యార్డుకు చేరవలసిన వేళ బండి ఇట్లు ఆగిపోతే ఆ రైతు నష్టం గాస్కెట్ ధరతో తీరదు.

ఆచరించవలసిన క్రమం

ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాతనే హెడ్డు విప్పాలి. అంచులనుండి మధ్యకు, కొద్దికొద్దిగా వదులు చేయాలి.

మరలను శుభ్రపరచాలి. అడుగు మూసి ఉన్న రంధ్రాలలో నూనెగాని నీరుగాని నిలువరాదు. బోల్టు దిగినప్పుడు ఆ ద్రవానికి పోవు దారి లేక, దాని ఒత్తిడికి పోతఇనుప బ్లాకు సైతం పగులవచ్చు.

మరలకు నూనె రాయాలా, పొడిగా ఉంచాలా అనేది కంపెనీవారి పుస్తకం చెప్పును. ఆ మాటే ప్రమాణం.

ప్రతి బోల్టునూ మొదట వ్రేళ్లతోనే తిప్పాలి. వ్రేళ్లకు లొంగనిది వంకరగా ఎక్కుతున్నదని తెలిసికోవాలి. అల్యూమినియం హెడ్డు మరలు మెత్తన. పోయిన మర తిరిగి రాదు.

బిగించేటప్పుడు మధ్యనుండి అంచులకు, పుస్తకంలోని వరుసలో పోవాలి. చాప పరచేవాడు నడుమనుండి ముడతలను అంచులకు తోసినట్లు హెడ్డు సమంగా కూర్చుంటుంది. ఒకేసారి పూర్తిగా బిగించరాదు. చివరి అంకె 6 అయితే మొదట 2, పిదప 4, ఆ తరువాత 6.

టార్కు రెంచిని పిడివద్ద పట్టి నిదానంగా లాగాలి. టిక్కుమన్న వెంటనే ఆపాలి, ‘ఇంకొంచెం’ అనరాదు. దానికి పైపు తొడగరాదు. దానితో బోల్టులు విప్పరాదు. పని ముగిసిన తరువాత కనిష్ఠపు అంకెకు తిప్పి భద్రపరచాలి.

పలు ఆధునిక ఇంజన్లలో కొంత టార్కు ఇచ్చిన మీదట, 90 డిగ్రీల వంటి నిర్ణీత కోణం తిప్పమంటారు. రాపిడి చేసే మోసాన్ని తప్పించేందుకే ఈ పద్ధతి. వాటిలో కొన్ని బోల్టులు శాశ్వతంగా సాగేటట్లు నిర్మింపబడినవి. పుస్తకం వద్దన్నచోట పాతవి తిరిగి వాడరాదు.

కొలమానాలు మరొక ఉచ్చు. ఒక కిలోగ్రామ్-మీటరు సుమారు 9.8 న్యూటన్-మీటర్లకు, 7.2 అడుగు-పౌనులకు సమానం. 50 న్యూటన్-మీటర్లను 50 అడుగు-పౌనులుగా చదివితే బోల్టుపై మూడవవంతుకు మించి అదనపు బలం పడుతుంది.

చక్రపు నట్ల విషయంలో అశ్రద్ధ ప్రాణాంతకం. వీటిని ఎదురెదురుగా బిగించాలి. చక్రం నేలకు ఆనిన తరువాతనే తుది టార్కు ఇవ్వాలి. చిన్నకార్లకు అది తరచు 8 నుండి 11 కిలోగ్రామ్-మీటర్ల నడుమ ఉంటుంది. చక్రం మార్చినపుడు వంద కిలోమీటర్ల లోపున మళ్లీ సరిచూడాలి.

చేయి, పుస్తకం

షెడ్డులోని ఉస్తాద్ చేతికి విలువ లేదని మా అభిప్రాయం కాదు. ఇంజన్ శబ్దాన్నిబట్టి దోషం చెప్పగల ఆ అనుభవం ఏ పుస్తకంలోనూ దొరకదు. కాని ఆ పుస్తకం పెక్కుమార్లు ఇంగ్లీషులో ఉండును. చిన్నతనమున బడి మాని పానా పట్టిన పిల్లవానికి అది మూసిన తలుపు. ఆ తలుపు తెరవగలవారు విద్యార్థులు. బండి బాగుచేయించుకొనబోయినపుడు ఆ పుట తెరచి, బిగించవలసిన వరుసను, అంకెను తెలుగులోనో ఉర్దూలోనో చదివి చెప్పిన మీకు చిన్నతనమేమీ లేదు. ఆ విద్య వినిన చేతిలో నిలుచును; చదివిన మీకు ఆ చేతి పనితనం కొంత అబ్బును.

కళాశాల పాలకవర్గంవారికి ఒక మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఒక మంచి టార్కు రెంచి సమకూర్చి, సంవత్సరానికి ఒకమారైనా స్థానిక మెకానిక్కులను ఆహ్వానించి, వారిచేత, అధ్యాపకులచేత కలిపి పాఠం చెప్పించిన, ఆ వ్యయం వ్యర్థం కాబోదు.

తెగేదాకా లాగరాదని మన పెద్దలన్నారు. వదులుగా విడువరాదన్నది కూడ అంతే సత్యం. ఈ రెంటి నడుమ గల హద్దు కండబలానికి తెలియదు, కొలతకే తెలుస్తుంది.