వాన మబ్బును చూసే రాడార్

మోకిల ఊరు రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలో ఉంది. ఈ చుట్టుపక్కల శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో కూరగాయలు, పూలు పండిస్తారు. కలుపు తీసేది, కాయలు తెంపేది ఎక్కువగా ఆడవాళ్లే. ఉరుములు, పిడుగులు వస్తే ముందుగా ఆపద చేలో ఉన్నవాళ్లకే.

"మూడు గంటల్లో ఉరుములతో వాన పడుతుంది" అని టీవీలో, రేడియోలో, ఫోన్‌లో చెబుతారు. ఆ సంగతి వాళ్లకు ఎలా తెలుస్తుంది?

హైదరాబాద్ బేగంపేటలో వాతావరణ కేంద్రం ఉంది. అక్కడ డాప్లర్ రాడార్ ఉంది. మోకిలకు అది సుమారు 30 కిలోమీటర్ల దూరం.

రాడార్ ఎలా చూస్తుంది?

బావిలోకి వంగి "ఓ" అని కేక వేయండి. కేక నీళ్లకు తగిలి మళ్లీ వినిపిస్తుంది. రాడార్ కూడా అలాంటి పనే చేస్తుంది. కానీ అది కేక వేయదు. కంటికి కనిపించని రేడియో అలలను పంపుతుంది. అవి వాన చినుకులకు, వడగళ్లకు తగులుతాయి. కొన్ని తిరిగి వస్తాయి. ఎంతసేపటికి వచ్చాయో చూసి వాన ఎంత దూరంలో ఉందో లెక్క కడతారు. ఎంత బలంగా వచ్చాయో చూసి వాన పెద్దదా, చిన్నదా చెబుతారు. ఈ అలలు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. మోకిల దాకా పోయి రావడానికి రెప్పపాటు కూడా పట్టదు.

శంకర్‌పల్లి స్టేషన్లో రైలు కూత వినే ఉంటారు. రైలు దగ్గరికి వస్తుంటే కూత సన్నగా ఉంటుంది. దాటిపోగానే బొంగురుగా మారుతుంది. తిరిగి వచ్చే అలలో కూడా ఇలాంటి తేడా ఉంటుంది. దాన్నిబట్టి చినుకులను గాలి రాడార్ వైపు తోస్తుందో, దూరంగా తోస్తుందో తెలుస్తుంది.

గుమ్మడికాయ, చీపురు పుల్ల

మరి ఒక్క రాడార్‌తో రాష్ట్రమంతా చూడవచ్చు కదా? చూడలేం. ఎందుకంటే భూమి గుండ్రంగా ఉంది.

ఒక గుమ్మడికాయ తీసుకోండి. దాని మీద చీపురు పుల్ల పెట్టండి. పుల్ల ఒక్కచోటే ఆనుతుంది. కొసలు గాలిలో ఉంటాయి. గుమ్మడికాయే భూమి అనుకోండి. పుల్ల ఆనిన చోట రాడార్ ఉందనుకోండి. పుల్లే రాడార్ అల. దూరం పోయేకొద్దీ అల నేలకు ఎత్తుగా పోతుంది. గాలిలో అల కొంచెం కిందికి వంగుతుంది. కానీ భూమి అంతకంటే ఎక్కువ వంగి ఉంది. పైగా చెట్లు, మేడలు అడ్డం రాకుండా అలను కాస్త పైకెత్తి పంపుతారు.

అందువల్ల అల ఎత్తు సుమారుగా ఇలా ఉంటుంది:

30 కిలోమీటర్ల దూరంలో – 300 మీటర్లు
100 కిలోమీటర్ల దూరంలో – ఒకటిన్నర కిలోమీటర్లు
200 కిలోమీటర్ల దూరంలో – 4 కిలోమీటర్లు

బేగంపేట నుండి ఆదిలాబాద్ వైపు 200 కిలోమీటర్లు పోతే, 4 కిలోమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న మబ్బు అల కింద దాగిపోతుంది. పిడుగులు వేసే మబ్బు 10 కిలోమీటర్ల కంటే ఎత్తు పెరుగుతుంది. దాని తల మాత్రం కనిపిస్తుంది.

అందుకే ఒక్క రాడార్ చాలదు. చెన్నైలో 2002లో డాప్లర్ రాడార్ పెట్టారు. తర్వాత మచిలీపట్నం, విశాఖపట్నంలో కూడా పెట్టారు. సముద్రం మీది తుపానును ఇవి చూస్తాయి. మరీ దూరాన ఉన్న తుపానును ఉపగ్రహం చూస్తుంది. అది 36,000 కిలోమీటర్ల పైన ఉంటుంది. పై నుంచి చూస్తుంది కాబట్టి దానికి భూమి వంపు అంతగా అడ్డం రాదు.

మనం ఏం చేయాలి?

మోకిల రాడార్‌కు దగ్గర. ఇక్కడి మబ్బు బాగా కనిపిస్తుంది. అయినా ఎండాకాలం సాయంత్రం మబ్బు గంటలోనే పెరిగి పిడుగు వేయవచ్చు. హెచ్చరిక వస్తే నమ్మండి. రాకపోయినా మొగులు చూడండి.

ఉరుము వినగానే పని ఆపి పక్కా ఇంట్లోకి పోవాలి. చెట్టు కింద నిలబడరాదు. చెరువు, కరెంటు స్తంభం, తీగల కంచె దగ్గర ఉండరాదు. ఇల్లు దగ్గర్లో లేకపోతే ఒకరికొకరు దూరంగా, కాళ్లు దగ్గర పెట్టుకుని గొంతుక్కూర్చోవాలి. నేల మీద పడుకోరాదు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి.

చెప్పండి

1. రాడార్ అల దూరం పోయేకొద్దీ ఎందుకు ఎత్తుగా పోతుంది?
2. మీ ఊరికి వాన సంగతి ఎలా తెలుస్తుంది?
3. చేలో ఉండగా ఉరుము వినిపిస్తే మీరు ఎక్కడికి పోతారు?