1472 రోజుల లెక్క: షంటింగ్ ఇంజనుకు పని వెతకడం

అమెరికాలో పాత ఆవిరి ఇంజన్లకు మళ్లీ ప్రాణం పోసే బృందాలు చాలానే ఉన్నాయి. ఉద్యోగాలు చేసుకుంటూ శని, ఆదివారాల్లో షెడ్డుకు వచ్చే మనుషులు ఏళ్ల తరబడి బాయిలరు గొట్టాలు మార్చి, స్టేబోల్టులు బిగించి, అరిగిన బేరింగుల్లో కొత్త లోహం పోయించి, చివరికి ఒకరోజు ఈల మోగిస్తారు. పెద్ద ఇంజనయితే ఆ తర్వాతి దారి తెలిసిందే. బోగీలు తగిలించి లైను మీదికి పంపుతారు. యార్డులో వ్యాగన్లను ముందుకీ వెనక్కీ తోస్తూ బతికిన షంటింగ్ ఇంజను సంగతి అలా కాదు. దాని బరువంతా నడిపే చక్రాల మీదే ఉంటుంది. వంపుల్లో దారి పట్టించే చిన్న చక్రాలు ముందు ఉండవు. ఇరుసుల మధ్య దూరం తక్కువ. కార్ఖానాల ఇరుకు మలుపుల్లో తిరగడానికి అదే కావాలి. వేగం పెరిగితే మాత్రం ముక్కు అటూ ఇటూ ఊగుతుంది, ఇంజనుతో పాటు కింద పట్టాలూ దెబ్బతింటాయి. అందుకని దానికి తగిన పని ఎక్కడుందో కూర్చుని వెతకాల్సిందే. ఆ వెతుకులాట ఏ వరసలో సాగితే మంచిదో చెబుతాను.

మొదట చెయ్యాల్సింది రోజుల లెక్క. 2000 జనవరి నుంచి అమల్లో ఉన్న అమెరికా ఫెడరల్ నిబంధన, పార్ట్ 230 ప్రకారం, బాయిలరును విప్పి లోపలా బయటా పూర్తిగా పరీక్షించి మళ్లీ కట్టాక 1472 సర్వీసు రోజులు గానీ, 15 ఏళ్లు గానీ నడపొచ్చు. ఏది ముందు వస్తే అదే గడువు. ఫైర్‌బాక్సులో నిప్పు ఉండి, బాయిలర్లో బయటి గాలి పీడనం కంటే ఎక్కువ ఆవిరి ఉన్న ప్రతి క్యాలెండరు రోజూ ఒక సర్వీసు రోజే. మైళ్లతో పని లేదు. రోజంతా రైలు లాగినా, షెడ్డు ముందు పది నిమిషాలు పొగ వదిలినా ఒక్కటే.

1472ను 15తో భాగిస్తే ఏడాదికి 98 రోజులు వస్తాయి. వేసవిలో అయిదు నెలల పాటు వారాంతాల్లో మాత్రమే నడిపితే, నడిపిన రోజుల వరకే చూస్తే లెక్క 44 దగ్గర ఆగుతుంది. అంటే సగానికి పైగా రోజులు వాడకుండానే పదిహేనేళ్లూ గడిచిపోతాయి. గొట్టాలన్నీ పీకి, చందాలన్నీ మళ్లీ పోగుచేసి, మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇంజను పదిలంగా ఉండాలని దాన్ని షెడ్డులోనే ఉంచేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. దాచినందువల్ల రోజులు మిగలవు. చిన్న ఇంజనుకు అరుగుదల కంటే క్యాలెండరే పెద్ద శత్రువు. పని వెతకడం సరదా కోసం చేసే అదనపు హంగు కాదనీ, బాగుచెయ్యడంలో అది సగభాగమనీ నేను అనేది ఇందుకే.

ఈ లెక్కలోనే ఇంకో మెలిక ఉంది. చల్లారిన బాయిలరును ఒక్కసారిగా వేడి చెయ్యకూడదు, ఉక్కు రేకులు సమంగా వ్యాకోచించాలి. అందుకని శనివారం నడవాల్సిన ఇంజనుకు శుక్రవారమే నిప్పు వేస్తారు. శుక్రవారం సాయంత్రానికి గేజి ముల్లు లేచిందా, శుక్రవారమూ ఖర్చులో పడినట్టే. ఆదివారం రాత్రి నిప్పును కప్పి ఉంచి, అర్ధరాత్రి దాటాక కూడా ఆవిరి నిలిస్తే సోమవారమూ పడుతుంది. రెండు రోజుల పనికి నాలుగు రోజులు పోయాయి. అదే వరసగా ఏడు రోజులు నడిపితే అదనం ఆ రెండే. కాబట్టి అక్కడొక శనివారం, ఇక్కడొక ఆదివారం అని చిల్లరగా ఒప్పుకోకుండా, ఒకేచోట వరస రోజులు దొరికే పనికి పెద్దపీట వెయ్యాలి.

తర్వాత ఇంజను వివరాల కాగితం తయారుచేసుకోవాలి. పెళ్లి సంబంధానికి బయోడేటా రాసినట్టే, దాచకుండా రాయాలి. నీళ్లు, బొగ్గు నింపినప్పుడు మొత్తం బరువు, ఒక్కో ఇరుసు మీద పడే బరువు, చివరి ఇరుసుల మధ్య దూరం, తిరగగలిగే అతి ఇరుకైన వంపు, పొగగొట్టం కొస వరకు ఎత్తు, బాయిలరు పీడనం, బొగ్గా నూనా, ట్యాంకులో నీళ్లు ఎన్ని, అవి ఎంతసేపు వస్తాయి. అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు. కార్ఖానాల్లో పనిచేసిన చాలా ఇంజన్లకు తమను తాము ఆపుకునే ఆవిరి బ్రేకు తప్ప, వెనకాల ఉన్న బండి మొత్తానికి గాలి పంపే ఏర్పాటు ఉండేది కాదు. మనుషులను ఎక్కించుకునే బోగీలు లాగాలంటే గాలి పంపు, పెద్ద రిజర్వాయరు, రైలు బ్రేకు వాల్వు తప్పనిసరి. ఇవి లేకపోతే వాటిని అమర్చేంతవరకు ప్రయాణికుల పని గురించి ఎవరినీ అడగకూడదు. బాగుచేసేటప్పుడే గాలి పంపు పెట్టించుకున్న బృందానికి వెళ్లగలిగే చోట్లు ఎన్నో రెట్లు పెరుగుతాయి.

కాగితానికి బాయిలరు చరిత్ర కూడా జతచెయ్యాలి. ప్లేటు మందాలు, స్టేబోల్టుల మీద పడే ఒత్తిడి లెక్కలతో ఉండే ఫారం 4, ఏటేటా చేసే పరీక్ష, 31 సర్వీసు రోజులకొకసారి చేసే పరీక్ష, బాయిలరును పనిచేసే పీడనానికి నాలుగో వంతు ఎక్కువ పెట్టి నీళ్లతో పరీక్షించిన రికార్డు, ఇవన్నీ. దేశపు రైలు వ్యవస్థతో కలవకుండా విడిగా ఉండే కొన్ని చిన్న లైన్లు ఫెడరల్ నిబంధన కిందికి రావు. అక్కడ రాష్ట్రపు బాయిలరు ఇన్‌స్పెక్టరు మాట చెల్లుతుంది. అయినా ఫెడరల్ పద్ధతిలో కాగితాలు ఉంచుకున్న ఇంజనుకు ఎక్కడికి వెళ్లినా గౌరవం దొరుకుతుంది, ఇన్సూరెన్సు వాళ్లతో మాటలు సులువవుతాయి.

ఇప్పుడు ఏ లైనుకు ఏం లాగగలదో లెక్క వెయ్యాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం 382 ఇంజన్లు కట్టిన ఎస్100 రకం ట్యాంక్ ఇంజన్ని, అంటే నీళ్ల ట్యాంకును తన మీదే మోసే ఇంజన్ని, తీసుకుందాం. ఆరు చక్రాలు, బరువు 1,00,650 పౌండ్లు, లాగుడు బలం 21,630 పౌండ్లు. యుద్ధం అయ్యాక వీటిలో కొన్ని ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవులో చాలాకాలం పనిచేశాయి. నూటికి రెండు చొప్పున ఎక్కే దారిలో ప్రతి అమెరికన్ టన్నుకూ ఎత్తు కోసం 40 పౌండ్లు, చక్రాల రాపిడికి సుమారు 8 పౌండ్లు కావాలి. 21,630ని 48తో భాగిస్తే 450 టన్నులు. అందులో ఇంజను సొంత బరువు 50 తీసేస్తే 400. పాత ఉక్కు బోగీ ఒక్కోటి 70 టన్నులనుకుంటే అయిదు లాగాలి. ఇది కాగితం మీది మాట. వానకు తడిసిన పట్టాలు, వంపులో నిలబడ్డ బండిని కదిలించడం, చిన్న బాయిలరు ఎంతసేపు ఆవిరి అందించగలదన్నది, ఇవన్నీ కలుపుకుంటే రెండు బోగీలు, మహా అయితే మూడు. ఆ మాట ముందే చెప్పిన బృందం మీద ఆతిథ్యమిచ్చే లైనుకు నమ్మకం కుదురుతుంది. బోగీలు ఎక్కువ కావాలంటే వెనక డీజిలు ఇంజన్ని తోడు పెట్టమని అడగడంలో చిన్నతనం లేదు.

ఇక పని ఎక్కడ ఉందన్నది. పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్‌ను తలుచుకుంటే ధైర్యం వస్తుంది. నాలుగున్నర మైళ్ల ఆ లైను మీద 1960లో పర్యాటకుల కోసం మొదట ఆవిరి పట్టింది 31వ నంబరు ఇంజను. 1908లో బాల్డ్విన్ కార్ఖానా కట్టిన ఆరు చక్రాల షంటరు అది. పొట్టి లైను, తక్కువ వేగం, పొలాల మధ్య దారి కావడంతో అక్కడ ఆ ఇంజనుకు ఏ లోటూ తెలియలేదు. అలాంటి లైన్ల జాబితా వేసుకుని, వాటిలో సొంత ఆవిరి ఇంజను లేనివి, ఉన్నా అది పెద్ద మరమ్మతులో ఉన్నవి ముందు చూడాలి. పెద్ద ఇంజను రెండేళ్లు షెడ్డులో పడుంటే ఆ లైను టిక్కెట్లు తగ్గిపోతాయి. ఆ సమయంలో వచ్చి నిలబడే చిన్న ఇంజనుకు మంచి ఆదరణ దొరుకుతుంది. 1930లో వల్కన్ ఐరన్ వర్క్స్ కట్టిన ఫ్లాగ్ కోల్ కంపెనీ 75వ నంబరు నాలుగు చక్రాల ఇంజను ఇప్పటికే ట్రెయిలరెక్కి ఊరూరా అలా తిరిగి పనిచేసింది. ఈ మార్గం నడుస్తుందనడానికి అదే రుజువు.

పిల్లల కథల్లోని థామస్ అనే ఇంజను వేషంతో జరిపే రైలు వేడుకలు మరో దారి. బ్రూక్లిన్ రేవు పక్కన 1963 దాకా పనిచేసిన ట్యాంక్ ఇంజన్లలో ఒకటి, 1917 నాటి 15వ నంబరు, 1990ల చివర్లో స్ట్రాస్‌బర్గ్‌లో నీలిరంగు థామస్‌గా మారి నిజమైన ఆవిరితో నడిచింది. అయితే పాత్ర వేషం వేసే హక్కులు వాటి యజమానులవి. అనుమతి లేకుండా ముఖం తగిలించకూడదు. క్రిస్మస్ రైళ్లు కూడా మంచి రాబడే, కానీ గడ్డకట్టే చలిలో పైపుల్లో నీళ్లు నిలవకుండా చూసుకునే మనిషి రాత్రంతా ఉండాలి.

నా మనసుకు దగ్గరైన పని మాత్రం సరుకు బండి ప్రదర్శన. యార్డులో ఆరేడు పాత వ్యాగన్లు, రెండు మూడు దారులు ఉంటే చాలు. కింద నిలబడ్డ బ్రేక్‌మన్ చెయ్యి ఊపుతాడు, ఇంజను మెల్లగా వెనక్కొస్తుంది, కప్లింగు దవడలు ఠంగుమని మూసుకుంటాయి, గాలి గొట్టం కలుపుతారు, పాయింటు మారుస్తారు, వ్యాగను తన దారిలోకి పోతుంది. కాజీపేటలోనో బిట్రగుంటలోనో రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లకు ఈ పని ఎంత నేర్పుతో కూడుకున్నదో చెప్పక్కర్లేదు. ఈ ఇంజను పుట్టిందే ఇందుకు. ఫోటోలు తీసేవాళ్లు ఈ దృశ్యానికి డబ్బు కట్టి వస్తారు. పొద్దున పొగమంచులో ఒక విడత, రాత్రి దీపాలు పెట్టి ఇంకో విడత పెడితే, ఒక్క సర్వీసు రోజులో రెండు రాబళ్లు. పక్కన డ్రైవరును ఉంచి, డబ్బు కట్టిన అతిథి చేత గంటసేపు ఇంజను నడిపించే కార్యక్రమానికి కూడా షంటరే బాగా నప్పుతుంది. కొంచెం దూరంలో ముందుకూ వెనక్కూ నడిపితే చాలు, నేర్చుకోవడానికి పది సందర్భాలు వస్తాయి.

లైను ఒప్పుకున్నాక మాటల మీద వదిలెయ్యకుండా కాగితం మీద పెట్టాలి. రవాణా ఖర్చు ఎవరిది, క్రేను ఎవరిది, బొగ్గు ఎవరు తెప్పిస్తారు, సిబ్బంది బస ఎక్కడ, ప్రమాద బీమా ఎవరి పేరున, రోజుకు కనీస రుసుము ఎంత. బాయిలరు విషయంలో ఆపమనే అధికారం ఇంజను తెచ్చిన బృందానిదనీ, దారి విషయంలో అధికారం ఆ లైను వాళ్లదనీ విడదీసి రాయాలి. నిప్పు వేసే రోజుకూ, చల్లార్చే రోజుకూ రుసుము అడగాలి. అవి కూడా బాయిలరు ఆయుష్షులోంచే పోతున్నాయి కదా.

రవాణా దాదాపు ఎప్పుడూ రోడ్డు మీదే. నూనె గుడ్డతో నడిచే పాత తరహా ఇరుసు బేరింగులున్న బండిని పెద్ద రైలు కంపెనీలు తమ రైళ్లలో తగిలించుకోవు. లారీ, ట్రెయిలరు, సరుకు కలిపి 80,000 పౌండ్లు దాటితే సాధారణంగా దారిలోని ప్రతి రాష్ట్రంలోనూ అనుమతి తీసుకోవాలి. బాయిలరు, ట్యాంకు ఖాళీ చేసి, బొగ్గు దించి, వంతెనల కింద తగలకుండా అవసరమైతే పొగగొట్టం విప్పి, పట్టాలు పరిచిన ట్రెయిలరు మీదికి వించితో లాగుతారు. అవతల దించడానికి చదునైన, గట్టి నేల ఉందో లేదో ముందే ఒక మనిషి వెళ్లి చూసి రావాలి.

దిగాక మొదటి రోజు ప్రయాణికులకు ఇవ్వకూడదు, ఎంత ఒత్తిడి వచ్చినా. ముందు పట్టాల వెంట నడిచి వంపులు, ప్లాట్‌ఫాం అంచులు కొలవాలి. తర్వాత నీళ్లు. ఊరు మారితే నీరు మారుతుంది. కొత్త నీటిలో కరిగిన లవణాలు ఎక్కువైతే బాయిలర్లో నురగ లేచి, ఆవిరితో పాటు నీళ్లు సిలిండర్లలోకి కొట్టుకొస్తాయి. గేజి గ్లాసులో నీటిమట్టం నిలకడగా ఉండకుండా గంతులేస్తుంది, పొగగొట్టంలోంచి తెల్లటి తుంపర కింద నిలబడ్డవాళ్ల చొక్కాల మీద పడుతుంది. అప్పుడు రెగ్యులేటరు తగ్గించి, నురగ దిగాక అసలు మట్టం ఎంతో చూసుకుని, అడుగు వాల్వు తెరిచి మురికి నీళ్లు వదిలి, మంచి నీళ్లు ఎక్కించాలి. ఆ లైను నీటి నమూనా నెల ముందే తెప్పించి పరీక్షిస్తే కలపాల్సిన మందు మోతాదు తెలుస్తుంది, ఈ బాధ ఉండదు. తర్వాత ఖాళీ బోగీలతో పూర్తి దూరం ఒకసారి నడిపి, చివర దిగి ప్రతి బేరింగునూ చేత్తో తాకి వేడి చూడాలి. బాయిలర్లోకి నీళ్లు ఎక్కించే ఇంజెక్టర్లు రెండూ పట్టుకుంటున్నాయా, నీళ్లు ఎక్కడ అయిపోవచ్చాయి, ఎన్ని పారలు బొగ్గు పడింది అన్నీ రాసిపెట్టుకుంటే మర్నాటి టైంటేబులు దానంతటదే తయారవుతుంది.

పని ముగిశాక ఎన్ని సర్వీసు రోజులు పడ్డాయో రికార్డులో ఎక్కించి, ఒక్కో రోజుకు ఖర్చులు పోను ఎంత మిగిలిందో లెక్క చూసి, ఆ కాగితం ఒకటి లైను వాళ్లకూ పంపాలి. తక్కువ మిగిలిన పనికి వచ్చే ఏడు రుసుము పెంచమని అడగడానికి అదే ఆధారం. పర్యాటక లైన్లు మరుసటి ఏడాది కార్యక్రమాలను చాలా ముందుగానే ఖరారు చేసుకుంటాయి కాబట్టి ఉత్తరాలు శరదృతువులోనే వెళ్లిపోవాలి. బాయిలరులో నీళ్లు వదిలేసి, గొట్టాలు ఆరబెట్టి, చలికాలానికి మూతలు బిగించే వారంలోనే ఆ ఉత్తరాలు కూడా పోస్టులో పడేలా చూసుకోవాలి.