విద్యకు నాలుగు కాలాలు – తరగతికి నాలుగు స్థానాలు

ఉపోద్ఘాతం

వ్యాకరణం బోధించే తరగతులలో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. అధ్యాపకుడు సంధి సూత్రం చెబుతాడు, వృత్తిని వివరిస్తాడు, నల్లబల్ల మీద నాలుగు ఉదాహరణలు రాస్తాడు. విద్యార్థులు వాటిని యథాతథంగా పుస్తకాలలోకి ఎక్కించుకుంటారు. పరీక్షలో ఆ ఉదాహరణలే వస్తే ఉత్తీర్ణులవుతారు. కాని కావ్యపాఠంలో ఎన్నడూ చూడని పదం ఎదురై, దానిని విడదీయమంటే వారికి దారి తోచదు. సూత్రం నోటికి వచ్చింది, చేతికి రాలేదు. ప్రాచ్యకళాశాలలలో చదివి పట్టం పుచ్చుకొన్నవాడు తాత్పర్యగ్రంథం పక్కన లేనిదే ఒక శ్లోకానికి అన్వయం చెప్పలేకపోవడం మనం కళ్లారా చూస్తున్న దుఃస్థితి. రేపు బోధించవలసినవాడు అతడే.

ఈ స్థితికి చికిత్సగా నేటి విద్యాశాస్త్రజ్ఞులు 'విద్యార్థి కేంద్రకమైన తరగతి'ని ప్రతిపాదిస్తున్నారు. తరగతి గదిలో కొన్ని అభ్యసన స్థానాలను ఏర్పరచడం, విద్యార్థులను చిన్న బృందాలుగా చేసి ఒక్కొక్క స్థానంలో ఒక్కొక్క పని చేయించడం, ఒకరివల్ల ఒకరు నేర్చుకొనేట్లు చూడడం ఈ పద్ధతిలోని ప్రధానాంశాలు. దీనిని గురించి మన పండితులలో పలువురి అభిప్రాయం ఇది పరదేశపు వస్తువు అని. నవీన విద్యావేత్తలలో పలువురి అభిప్రాయం పాఠశాల అంటే వల్లె వేయించడమే అని. ఈ రెండు అభిప్రాయాలూ అసమగ్రాలు. బృందాధ్యయనానికి కావలసిన క్రమమూ మర్యాదా మన శాస్త్రాలలోనే ఉన్నాయనీ, ఆ క్రమాన్ని విడిచి స్థానాలను ఏర్పరిస్తే అవి నిష్ఫలమవుతాయనీ నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

నాలుగు కాలాలు

పతంజలి మహాభాష్యంలోని పస్పశాహ్నికంలో విద్య నాలుగు విధాలుగా ఉపయుక్తమవుతుందని చెప్పాడు. గురువువల్ల గ్రహించే ఆగమకాలం, తనకు తాను ఆవృత్తి చేసుకొనే స్వాధ్యాయకాలం, ఇతరులకు చెప్పే ప్రవచనకాలం, కర్మలో వినియోగించే వ్యవహారకాలం. ఈ నాలుగింటినీ పొందినప్పుడే విద్య ఉపయుక్తమైనట్లు.

ఈ విభాగాన్ని నేటి తరగతికి అన్వయించి చూస్తే లోపమెక్కడ ఉన్నదో స్పష్టమవుతుంది. యాభై నిమిషాల కాలాంశం అంతా ఆగమానికే చెల్లిపోతున్నది. స్వాధ్యాయం ఇంటికి వదలిపెట్టబడింది, అక్కడ జరుగుతున్నదో లేదో తెలియదు. ప్రవచనం అధ్యాపకుని సొత్తుగా మిగిలింది. వ్యవహారం పరీక్షాపత్రంతో సమాప్తం. పూర్వం పాఠశాలలో ఉదయం గురుముఖతః పాఠం జరిగితే, సాయంకాలం అరుగు మీద విద్యార్థులు తమలో తాము 'చింతన' చేసేవారు. ఒకడు పంక్తి చదివి అర్థం చెప్పేవాడు, రెండవవాడు ఆక్షేపించేవాడు, పెద్ద విద్యార్థి సమాధానపరచేవాడు. నేను వ్యాకరణం నేర్చుకొన్నది సగం గురువుల ఎదుట, సగం ఆ అరుగు మీద. కళాశాలలు ఏర్పడినప్పుడు ఉదయపు పాఠం గదిలోకి వచ్చింది, సాయంకాలపు అరుగు రాలేదు. అభ్యసన స్థానాలంటే ఆ అరుగును తరగతి గదిలోకి తెచ్చుకోవడమే.

సంభాషకు మర్యాద

సహాధ్యాయులతో చర్చించడం కేవలం పాఠశాలల అలవాటు కాదు, శాస్త్రవిహితం. చరకసంహిత విమానస్థానం 8వ అధ్యాయంలో శాస్త్రజ్ఞానానికి మూడు ఉపాయాలు చెప్పబడ్డాయి: అధ్యయనం, అధ్యాపనం, తద్విద్యసంభాష. సమానవిద్య గలవారితో చేసే సంభాషవల్ల పూర్వం విన్నదానిలోని సందేహం తొలగుతుందనీ, వాక్శక్తి కలుగుతుందనీ ఆ గ్రంథం చెబుతున్నది. మరొక సూక్ష్మాంశం కూడ అక్కడ ఉన్నది. గురువు ప్రసన్నుడై శిష్యునికి క్రమక్రమంగా ఉపదేశించిన రహస్యార్థాన్ని, ఆ శిష్యుడు చర్చలోని ఉత్సాహంలో, గెలవాలనే కోరికతో, ఒక్కసారిగా బయటపెడతాడట. ఒకని సంవత్సరాల సంపాదన తోటివారికి ఒక పూటలో అందుతుంది. బృందాధ్యయనం సమకూర్చే లాభాన్ని ఇంతకంటె చక్కగా చెప్పడం కష్టం.

అయితే చరకుడు సంభాషను రెండు విధాలుగా విభజించాడు. స్నేహపూర్వకమైనది సంధాయసంభాష, జయాపేక్షతో కూడినది విగృహ్యసంభాష. న్యాయసూత్రాల నాల్గవ అధ్యాయం కూడ ఆ శాస్త్రం తెలిసినవారితో సంవాదాన్ని విధిస్తూ, శిష్యుడు, గురువు, సబ్రహ్మచారి మొదలైనవారిని పేర్కొని, వారు అసూయలేనివారై ఉండాలని నియమించింది. తరగతి గదిలో ఏర్పరచవలసింది సంధాయసంభాష. మార్కుల పోటీ దానిని విగృహ్యసంభాషగా మార్చకుండా చూడడం అధ్యాపకుని బాధ్యత.

మద్రాసు పద్ధతి నేర్పే పాఠం

విద్యార్థి విద్యార్థికి చెప్పే పద్ధతి ఒకప్పుడు మన దేశం నుండి ఇంగ్లండుకు వెళ్లిన సంగతి ఇక్కడ స్మరింపదగినది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమానికి అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతూ ఉండగా చూచి, ఆ విధానాన్ని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. పెద్ద బాలుర చేత చిన్నవారికి పాఠాలు చెప్పించాడు. 1797లో ఆయన లండనులో ప్రచురించిన గ్రంథం వల్ల దీనికి 'మద్రాసు పద్ధతి' అనే పేరు వచ్చింది.

1823లో బళ్లారి జిల్లా కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ ప్రభుత్వానికి పంపిన నివేదిక ఈ విషయంలో మరింత ఉపకరిస్తుంది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు, అంటే బడికి సగటున 12 మంది ఉన్నట్లు ఆయన లెక్క. వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. ముందున్న విద్యార్థి వెనుకబడినవానికి చెబుతూ, ఆ చెప్పడం చేతనే తన చదువును దృఢం చేసుకొనే పద్ధతిని ఆయన మెచ్చుకొన్నాడు. ఇంగ్లండు దానిని అనుకరించడం యుక్తమేనన్నాడు. కాని అదే నివేదికలో, పిల్లలు వ్యవహారంలో లేని కావ్యభాషలోని గ్రంథాలను అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని నిందించాడు కూడ. మనవారు మెప్పును ఉదాహరించి నిందను విడిచిపెట్టడం కద్దు. అది న్యాయం కాదు.

బెల్, లాంకాస్టరుల పద్ధతి ఇంగ్లండులో వ్యాపించి, ఒకే ఉపాధ్యాయునితో వందలమందికి పాఠం నడిపే పొదుపు యంత్రంగా పరిణమించింది. పెద్ద విద్యార్థి ఉపాధ్యాయుని ఆజ్ఞలను అందించే నోరు మాత్రమే అయ్యాడు. ఇక్కడి లోపం అర్థవిచారం లేకపోవడం, అక్కడి లోపం సంభాష లేకపోవడం. నలుగురిని ఒకచోట కూర్చోబెట్టినంత మాత్రాన బృందాధ్యయనం కాదని రెండు అనుభవాలూ చెబుతున్నాయి.

తరువాతి కాలపు ప్రయోగాలు ఈ లోపాలను గమనించి సాగినవి. 1971లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగరపు పాఠశాలలలో వేర్వేరు జాతుల పిల్లలు తొలిసారి ఒకే తరగతిలో కూర్చొని పరస్పరం ద్వేషించుకొంటున్నప్పుడు, ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం పన్నాడు. పాఠాన్ని ముక్కలుగా విభజించి, బృందంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క అప్పగించాడు. ప్రతివాడూ తన భాగం చెబితే తప్ప ఎవరికీ పాఠం పూర్తి కాదు. మన ప్రాంతంలో మదనపల్లె సమీపాన ఉన్న ఋషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం, ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులను నడపవలసిన పల్లె బడుల కోసం, పాఠాలను మెట్లు మెట్లుగా విభజించి కార్డులపై రాయించింది. పిల్లలు కొన్ని మెట్లు ఉపాధ్యాయుని సాయంతో, కొన్ని తోటివారి సాయంతో, కొన్ని స్వయంగా ఎక్కుతారు. ఇదే బాటలో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోనూ ఈ విధానం అమలయింది.

సంధిపాఠంలో ఆచరణ

ఈ సూత్రాలను 24 మంది ఉన్న తరగతిలో అచ్సంధి పాఠానికి అన్వయించే విధం ఇది. పాఠ్యాంశాలు నాలుగు: సవర్ణదీర్ఘం, గుణం, వృద్ధి, యణాదేశం. కాలం మూడు దినాలు, దినానికి ఒక కాలాంశం.

మొదటి దినం ఆగమం. తరగతి అంతా ఒకటిగా అధ్యాపకుని ఎదుట కూర్చుంటుంది. నాలుగు సూత్రాలకూ పదచ్ఛేదం, వృత్తి, ఒక్కొక్క ఉదాహరణ చెప్పాలి. చివర నలుగురేసి చొప్పున ఆరు బృందాలు ఏర్పరచి, ప్రతి బృందంలోనూ ఒక్కొక్కరికి ఒక్కొక్క సంధిని అప్పగించాలి. మరునాటికి ఆ సంధి అతని బాధ్యత.

రెండవ దినం గదిలో మూడు స్థానాలు. ఒక్కొక్క స్థానంలో రెండేసి బృందాలు, పదిహేను నిమిషాలకొకసారి మార్పు. ప్రవచనస్థానంలో ప్రతి విద్యార్థీ తన సంధిని మిగిలిన ముగ్గురికీ మూడు నిమిషాలలో చెప్పాలి. చెప్పినదానిపై ఒక్క ప్రశ్నయినా అడగడం వినేవారి విధి. స్వాధ్యాయస్థానంలో మాటలు ఉండవు. ఎవరికివారే తమకు అప్పగించబడని మూడు సంధులకు సూత్రార్థాన్ని సొంతమాటలలో రాసుకోవాలి. వ్యవహారస్థానంలో పదాల చీటీలు ఉంటాయి. వాటిని విడదీసి, సంధి పేరు చెప్పి, నలుగురూ అంగీకరించిన తరువాతనే రాయాలి.

చీటీలలోని పదాల ఎంపికే ఈ పాఠానికి ప్రాణం. గిరీశ, హితోపదేశం, దివ్యౌషధి, ప్రత్యుత్తరం వంటివి మొదట ఇవ్వాలి. తరువాత 'సీతాన్వేషణ' ఇవ్వాలి. సవర్ణదీర్ఘం అప్పగించబడినవాడు 'సీతా, అన్వేషణ' అని విడదీసి తన పని అయినదంటాడు. యణాదేశం తెలిసినవాడు 'అను, ఏషణ' అని ఇంకా విడదీస్తాడు. ఇద్దరూ సత్యమే చెబుతున్నారని గ్రహించేసరికి ఒక పదంలో రెండు సంధులుండవచ్చునని వారే తెలుసుకొంటారు. పిదప 'మేనత్త' ఇవ్వాలి. అకారానికి అకారం పరమైనా ఇక్కడ దీర్ఘం రాలేదేమని వాదం పుడుతుంది. ఇది తెలుగు అత్వసంధి, సంస్కృతసూత్రానికి ఇక్కడ ప్రవృత్తి లేదన్న వివేకం ఆ వాదంలో నుండి వస్తుంది. ఉభయభాషలూ చదివే మన విద్యార్థికి ఈ వివేకం అత్యవసరం.

మూడవ దినం నిర్ణయం. చివరి చీటీగా 'అక్షౌహిణి'ని ఉంచాలి. 'అక్ష, ఊహిని' అని విడదీసిన తరువాత గుణం వచ్చి 'అక్షోహిణి' కావాలని ఒకడంటాడు. వినబడుతున్నది ఔకారం కనుక ఇది వృద్ధి అని మరొకడంటాడు. వృద్ధిసూత్రం ప్రకారం ఏ, ఐ, ఓ, ఔలలో ఒకటి పరంగా ఉండాలి కదా, ఇక్కడ ఉన్నది ఊకారమే అని మూడవవాడు అడ్డుపడతాడు. ఈ ముడి బృందంలో విడిపోదు, విడిపోకూడదు. ఇక్కడ ప్రత్యేకంగా వృద్ధిని విధించే వార్తికం ఉన్నదని అధ్యాపకుడు చెప్పాలి. 'ప్రౌఢ' శబ్దంలోనూ ఇట్టి విధి ఉన్నదని చూపాలి. మొదటి దినమే ఈ వార్తికం చెప్పి ఉంటే అది మరొక వాక్యంగా పుస్తకంలో పడి ఉండేది. వాదించి అలసినవానికి అది సమాధానం. ఆకలి పుట్టిన తరువాత వడ్డించిన అన్నం అది.

ఆక్షేపాలు – సమాధానాలు

ఈ పద్ధతిపై మూడు ఆక్షేపాలు ప్రధానంగా వినిపిస్తాయి.

మొదటిది, తెలివైనవాడే పని అంతా చేస్తాడని. ఇది నిజంగానే జరుగుతుంది. నేను తొలిసారి బృందాలను కట్టినప్పుడు ఆరుగురికి ఒకే ప్రశ్న ఇచ్చాను. ఒకడు రాశాడు, ఐదుగురు చూచి రాసుకొన్నారు. దోషం పద్ధతిది కాదు, నాది. ఎవరి భాగం వారికి విభజించి ఇవ్వనిదే బృందం గుంపుగానే మిగులుతుంది. అంతేకాక నిర్ణయదినాన ఏ విద్యార్థినైనా తనకు అప్పగించని సంధిని గురించి అడగాలి. అప్పుడు వినడం కూడ ఒక పని అవుతుంది.

రెండవది, తప్పు చెప్పినవాని వల్ల తప్పే వ్యాపిస్తుందని. అందుకే ఆగమం ముందు, నిర్ణయం చివర ఉండాలి. నాలుగు స్థానాలనూ ఒకేసారి తెరచి బృందాలను ఎక్కడో ఒకచోట మొదలుపెట్టించడం ఇతర విషయాలలో చెల్లుతుందేమో గాని శాస్త్రంలో చెల్లదు. సూత్రం వినని బృందం వ్యవహారస్థానంలో చేసేది ఊహాగానమే. పతంజలి చెప్పిన క్రమం ఇక్కడ కాలక్రమం కూడ.

మూడవది, పాఠ్యప్రణాళిక పూర్తికాదని. ఒక కాలాంశంలో చెప్పివేయగల నాలుగు సూత్రాలకు మూడు కాలాంశాలు పట్టడం వాస్తవం. కనుక అన్ని పాఠాలనూ ఇట్లా నడపనక్కర లేదు. సంధులు, సమాసాలు, అన్వయక్రమం వంటి మూలాంశాలకు ఈ కాలవ్యయం సార్థకం. వీటిలో స్వయంశక్తి కలిగిన విద్యార్థి కావ్యపాఠంలో ఆ కాలాన్ని తిరిగి ఇచ్చివేస్తాడు, ప్రతి శ్లోకానికీ పదవిభాగం చెప్పించుకోవలసిన అవసరం ఉండదు గనుక. కేవలం కథాసంగ్రహం, కవికాలాదుల వంటివాటికి ఉపన్యాసమే చాలును.

ఉపసంహారం

విద్యార్థిని కేంద్రంగా నిలపడమంటే గురువును తొలగించడం కాదు. పైన చూపిన మూడు దినాలలో అధ్యాపకుని పని తగ్గలేదు, స్వరూపం మారింది. మొదటి దినం ఉపదేష్ట, రెండవ దినం సాక్షి, మూడవ దినం నిర్ణేత. వీటిలో రెండవదే కష్టతరం. పక్కన నిలిచి, విద్యార్థి తడబడుతూ ఉంటే నోరు మెదపకుండా ఉండడం మాబోటి పండితులకు అలవడని విద్య. నేనూ దానిని ఆలస్యంగానే అభ్యసించాను.

సంస్కృత తరగతులలో నేడు పదిమంది ఉన్న గదులు, ఐదుగురే ఉన్న గదులు కూడ కనిపిస్తున్నాయి. ఆ కొద్దిమంది అయినా సూత్రాన్ని వినడంతో ఆగక, దానిని తోటివానికి చెప్పి, కొత్త పదంలో గుర్తించి, వాదించి నిలబెట్టగలవారైతే పరంపర వారితో ముందుకు సాగుతుంది. ఐదుగురికి ఒక అరుగు చాలు. దానిని తరగతి గదిలో కట్టుకొనే పని మనది.